డేటా బుక్‌లో చిట్టీ దొరికింది... విచారణలో ఏం చెప్పాలి?

గోదావరి పాయల మధ్య ఉన్న ఒక పల్లె నుంచి ఇరవై ఏళ్ల కుర్రాడు రాసిన ఉత్తరం ఇది. పేరూ కాలేజీ పేరూ వెయ్యొద్దన్నారు. చదువు మెకానికల్, మూడో ఏడాది రెండో సెమిస్టర్. కాలేజీ జేఎన్‌టీయూ అనుబంధం, అటానమస్ కాదు, అంటే పరీక్షలు యూనివర్సిటీవే. నాన్నగారు కౌలు రైతు. పరీక్షల ముందే దాళ్వా మాసూళ్లు (రెండో పంట వరి నూర్పిళ్లు) పడ్డాయి, పది రోజులు కళ్లంలోనే గడిచిపోయాయి. దాంతో హీట్ ట్రాన్స్‌ఫర్‌లో అయిదు యూనిట్లకు మూడే చదవగలిగారు. సీనియర్ దగ్గర డేటా బుక్ (పరీక్ష హాల్లోకి అనుమతించే సూత్రాల, పట్టికల పుస్తకం) అడిగి తెచ్చుకుని, నాలుగు డెరివేషన్లు మైక్రో జిరాక్స్ తీయించిన చిట్టీ అందులో పెట్టుకుని హాల్లోకి వెళ్లారు. ఇన్సులేషన్ క్రిటికల్ రేడియస్ ప్రశ్న వచ్చింది. ఆరేడు వరుసలు చూసి రాసేసరికి స్క్వాడ్ వచ్చింది. చిట్టీ, పుస్తకం, ఆన్సర్ బుక్‌లెట్ తీసుకుని బయటికి పంపేశారు.

అక్కడ రాయించుకున్న స్టేట్‌మెంట్‌లో 'చిట్టీ నా దగ్గర ఉంది, కానీ చూసి రాయలేదు' అని రాసి సంతకం పెట్టారు. హాల్ టికెట్ మాత్రం తిరిగి ఇచ్చారు, మిగిలిన రెండు పరీక్షలూ రాశారు. ఇప్పుడు ప్రిన్సిపాల్ ద్వారా నోటీసు వచ్చింది. పన్నెండు రోజుల్లో కాకినాడలో విచారణ. ఇంట్లో తెలియదు, కాకినాడలోనే ఉన్న అక్కకూ బావగారికీ తెలియదు. రూమ్మేట్లేమో 'పుస్తకం సీనియర్‌ది, అందులో చిట్టీ ఉన్న సంగతే తెలియదని చెప్పెయ్' అంటున్నారు. జిరాక్స్ షాపు దగ్గర పరిచయమైన ఒకాయన 'ఆయ్, కంగారు పడకండి, అక్కడ మనోళ్లున్నారండి' అంటూ యాభై వేలు అడుగుతున్నాడు. 'ఏం చెబితే సెమిస్టర్ మిగులుతుంది? నిజం చెబితే నా గతేంటి?' అన్నవి ఆయన ప్రశ్నలు. సీనియర్‌కు ఈ సంగతి చెప్పాలా వద్దా అని చివర్లో మరొకటి.

సమాధానం

ముందు మీ రూమ్మేట్లు ఆ సలహా ఎందుకిస్తున్నారో చూద్దాం. వాళ్లకు నిబంధనలు సగం తెలుసు. జేఎన్‌టీయూ పరీక్షల మాల్‌ప్రాక్టీస్ పట్టికలో మీకు వర్తించే వరుసలు రెండు. మొదటిది 1(ఎ): సబ్జెక్టుకు సంబంధించిన కాగితమో ఫోనో దగ్గర ఉంది, కానీ వాడుకోలేదు. శిక్ష హాలు నుంచి పంపేయడం, ఆ ఒక్క సబ్జెక్టు రద్దు. తర్వాతది 2: దాన్ని చూసి రాశారు. శిక్ష ఆ సబ్జెక్టుతో పాటు అంతకు ముందు రాసినవీ, ప్రాక్టికల్సూ, ప్రాజెక్టు ఉంటే అదీ రద్దు. ఆ సెమిస్టర్‌లో మిగిలినవి రాయనివ్వరు, హాల్ టికెట్ రద్దు చేసి యూనివర్సిటీకి పంపుతారు. ఒకటే చిట్టీ. మొదటి వరుసలో పడితే పోయేది ఒక పేపరు, రెండో వరుసలో పడితే సెమిస్టరు మొత్తం. రెంటికీ మధ్య ఉన్నది 'చూసి రాయలేదు' అన్న ఒక్క మాట. హాల్లో చేతులు వణుకుతుండగా మీరు రాసింది సరిగ్గా ఆ మాటే.

హాల్ టికెట్ తిరిగి ఇచ్చారంటే స్క్వాడ్ రిపోర్టు 1(ఎ) వైపు మొగ్గి ఉండొచ్చు. అందుకే మీకూ ఆశ కలిగింది. కానీ స్క్వాడ్ రాసింది రిపోర్టు మాత్రమే, తీర్పు కమిటీది. కమిటీ ముందు ఉండే ఫైల్లో స్క్వాడ్ రిపోర్టు, ఇన్విజిలేటర్ రిపోర్టు, మీ స్టేట్‌మెంట్, చిట్టీ, మీ ఆన్సర్ బుక్‌లెట్ ఉంటాయి. వాళ్లు మొదట చేసే పని చిట్టీని బుక్‌లెట్ పక్కన పెట్టి చదవడం. వరుసలు కలిశాయా, అక్షరాల గుర్తులు ఒకటేనా, తప్పులు కూడా ఒకటేనా అని చూస్తారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపిన వాక్యం ఇక్కడిదే. చిట్టీలో సిలిండర్ డెరివేషన్ కింద గోళానిది కలిసిపోయిందనీ, కంగారులో సిలిండర్‌కు కూడా 'రెండు కె బై హెచ్' అని రాసేశాననీ అన్నారు. సిలిండర్‌కు క్రిటికల్ రేడియస్ కె బై హెచ్ (కె అంటే ఇన్సులేషన్ ఉష్ణవాహకత, హెచ్ అంటే ఉపరితల ఉష్ణబదిలీ గుణకం). గోళానికే రెండు కె బై హెచ్. గోళం ఉపరితల వైశాల్యం రేడియస్ వర్గంతో పెరుగుతుంది, ఆ వర్గాన్ని డిఫరెన్షియేట్ చేసిన చోట ఆ రెండు పుడుతుంది. సిలిండర్ మెట్లు వేసుకుంటూ వచ్చినవాడికి ఆ రెండు ఎక్కడా దొరకదు. రానివాడు ఖాళీ వదిలేస్తాడు, సగం వచ్చినవాడు గుర్తులు తారుమారు చేస్తాడు. సిలిండర్ మెట్లతో మొదలుపెట్టి గోళం జవాబు దగ్గర తేలేది ఆ చిట్టీ చూసినవాడే. హీట్ ట్రాన్స్‌ఫర్ చెప్పే మాస్టారు ఒక్కరు ఆ కమిటీలో ఉన్నా ఇది పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు. మూల్యాంకనంలోనో ప్రత్యేక పరిశీలనలోనో కాపీ బయటపడితే ఏం చెయ్యాలో చెప్పే వరుస కూడా అదే పట్టికలో ఉంది. అక్కడా శిక్ష ఆ సెమిస్టర్ సబ్జెక్టులన్నీ రద్దు.

కాబట్టి 'ఏం చెబితే మిగులుతుంది' అన్న ప్రశ్నకు మీరు అనుకుంటున్నంత పెద్ద చోటు లేదు. అయినా మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ చూద్దాం.

సీనియర్ మీదికి తోసెయ్యడం అన్నిటికంటే అధ్వాన్నమైన దారి. పుస్తకంలో ఆయన పేరుంది, కాబట్టి కమిటీ ఆయన్ను పిలిపించవచ్చు. చిట్టీలో ఉన్నవి ఈ ఏడాది మీ సిలబస్ డెరివేషన్లు, అక్షరాలు మీ నోట్సువి. పైగా 'చిట్టీ నా దగ్గర ఉంది' అని మీరే రాసిచ్చి ఉన్నారు. ఇప్పుడు 'ఉన్న సంగతే తెలియదు' అంటే మీ రెండు మాటలూ ఒకే ఫైల్లో ఎదురెదురుగా కూర్చుంటాయి. పుస్తకం ఇచ్చి సాయం చేసినవాడిని ఇరికించడం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ మాట రాసేటప్పుడు మీ ఉత్తరంలోనే చెయ్యి తడబడింది.

రెండోది, స్టేట్‌మెంట్‌నే పట్టుకుని ఉండటం: చిట్టీ ఉంది, చూడలేదు. ఇది నెగ్గదని నేను చెప్పను. కేసులు ఎక్కువై, కమిటీ చిట్టీని బుక్‌లెట్‌తో పోల్చి చూడకపోతే ఒక్క పేపరుతో బయటపడొచ్చు. పోల్చి చూస్తే మాత్రం సెమిస్టరూ పోతుంది, విచారణలో అబద్ధం చెప్పాడన్న మాట కూడా ఫైలుకు ఎక్కుతుంది. అప్పుడు దయ చూపమని అడగడానికి నోరుండదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఒక ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి: 'అయితే సిలిండర్‌కు రెండు ఎలా వచ్చింది బాబూ?' దానికి నిజమైన జవాబు మీ దగ్గర ఒక్కటే ఉంది.

మూడోది, హాజరు కాకపోవడం. దీన్ని దారి అనలేం. రాకపోతే ఉన్న కాగితాలతో తేల్చేస్తారు. పరీక్ష రద్దు చేసే ముందు విద్యార్థి మాట వినాలని ఉత్తరప్రదేశ్ పరీక్షల బోర్డు కేసులో 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసు మీకు బెదిరింపుగా కనిపిస్తోంది. నిజానికి అది మీ మాట వినడానికి మీకిచ్చిన హక్కు. వెళ్లకపోతే వదులుకున్నట్టే.

నాలుగోది, జరిగింది జరిగినట్టు చెప్పడం. దీని ఖరీదు దాచను. నియమం ప్రకారం రెండో వరుస కింద పడటానికే అవకాశం ఎక్కువ, అంటే సెమిస్టర్ పోవచ్చు. ముందే ఒప్పుకున్నవాడి పట్ల కమిటీ కొంత మెత్తబడొచ్చు, మెత్తబడకపోనూవచ్చు. దాని మీద భరోసా పెట్టుకుని వెళ్లకండి. ఇందులో దక్కేది వేరే. కేసు ఒక్క సిట్టింగుతో ముగుస్తుంది, ఇంకొకరి పేరు రాదు, పట్టుబడతానేమోనన్న భయం విచారణ గదిలోనే దిగిపోతుంది. రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే ఫారాల్లో 'ఎప్పుడైనా పరీక్షల్లో డిబార్ అయ్యారా, క్రమశిక్షణ చర్య ఉందా' అని కొన్ని కంపెనీలు అడుగుతాయి. ఒక సెమిస్టర్ రద్దయిందని రాసినవాడికి ఆ కంపెనీ ఉద్యోగం ఇవ్వొచ్చు, ఇవ్వకపోవచ్చు. దాచి తర్వాత దొరికినవాడిని మాత్రం చేరిన ఏడాదికైనా తీసేస్తారు.

నా మొగ్గు నాలుగో దాని వైపు. చేసింది మీరు, మోయాల్సిందీ మీరే కాబట్టి నిర్ణయం మీదే. రెండో దారి ఎంచుకుంటే జూదం ఆడుతున్నామని తెలిసి ఆడండి. మొదటిది మాత్రం వదిలెయ్యండి.

ఇక యాభై వేల మనిషి. ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలిస్తే నవ్వొస్తుంది. విచారణకు వెళ్లే పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటాడు, లోపల ఎవరితోనూ మాట్లాడడు. పదిమందిలో కొందరికి ఎలాగూ ఒక్క సబ్జెక్టుతోనే పోతుంది. 'చూశారా' అని వాళ్ల డబ్బు ఉంచుకుంటాడు. మిగతావాళ్లకు 'ఈసారి పైవాళ్లు మారారండి' అని సగం తిరిగి ఇస్తాడు, లేదా ఫోనెత్తడు. మోసపోయానని మీరు ఎవరికి చెప్పుకుంటారు? అదే అతని ధైర్యం. ఒకవేళ నిజంగానే లోపలికి డబ్బు చేరిస్తే ఇంకా ప్రమాదం. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం కింద లంచం ఇచ్చినవాడూ నేరస్తుడే, ఏడేళ్ల దాకా జైలు. బలవంతం మీద ఇచ్చినవాడు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. అన్నట్టు ఆ యాభై వేలు ఎక్కడి నుంచి వస్తాయి? ధాన్యం కమీషన్ షావుకారు దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు, అదీ నాన్నగారికి తెలియకుండా. ఇప్పుడున్నది ఒక గుట్టు, అప్పుడు రెండవుతాయి.

హాస్టల్లో ఎవరో 'జైల్లో వేస్తారట' అన్నారని కూడా రాశారు. 1997లో రాష్ట్రం తెచ్చిన పబ్లిక్ పరీక్షల చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల శిక్ష ఉన్న మాట నిజమే. ఆ చట్టం పేరు ఎక్కువగా వినిపించేది పేపరు లీకులప్పుడు, ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాసినప్పుడు. పోలీసు కేసు అయితే ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, స్టేషన్ నుంచి పిలుపు వస్తుంది. మీ చేతిలో ఉన్నది యూనివర్సిటీ క్రమశిక్షణ నోటీసు. ఆ భయం పక్కన పెట్టండి.

మిగిలిన పన్నెండు రోజుల్లో చెయ్యాల్సిన మొదటి పని ఒక పేజీ వినతిపత్రం రాయడం. ప్రిన్సిపాల్ ద్వారా కంట్రోలర్ ఆఫ్ ఎగ్జామినేషన్స్‌కు. పైన హాల్ టికెట్ నంబరు, సబ్జెక్టు, పరీక్ష తేదీ, సెంటరు. కింద అయిదు సంగతులే: చిట్టీ నాదే, అందులో నాలుగు డెరివేషన్లు ఉన్నాయి, ఫలానా ప్రశ్నకు ఇన్ని వరుసలు చూసి రాశాను, మిగతా జవాబులు సొంతంగా రాసినవి, హాల్లో ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో చూడలేదని భయంతో రాశాను, అది సరికాదు. పుస్తకం ఇచ్చినవారికి చిట్టీతో సంబంధం లేదని ఒక వాక్యం చేర్చండి. చివర మీ పట్ల ఉదారంగా ఆలోచించమని ఒక వాక్యం. అంతే. కడుపునొప్పి, అమ్మకు బాగోలేదు, కరెంటు పోయింది లాంటివి వద్దు. కమిటీ అవి రోజూ వింటుంది. మాసూళ్ల సంగతి అడిగితే చెప్పండి, కాగితంలో పెట్టకండి. పెడితే కారణం నాన్నగారి మీదికి పోతుంది, అది మీరూ కోరుకోరు. ఇంగ్లీషు తడబడితే తెలుగులోనే రాయండి. నెట్‌లో దొరికిన నమూనా మాత్రం దించకండి. కాపీ కేసులో కాపీ కొట్టిన క్షమాపణ పెడితే ఎలా ఉంటుందో ఊహించండి. రెండు కాపీలు తీసి, ఒకదాని మీద కాలేజీ ఆఫీసులో ముద్ర వేయించుకుని దగ్గర ఉంచుకోండి.

విచారణ రోజున నోటీసు అసలు, హాల్ టికెట్, కాలేజీ ఐడీ, ఆధార్, ఇప్పటిదాకా వచ్చిన సెమిస్టర్ మెమోల జిరాక్సులు పట్టుకెళ్లండి. ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా పొద్దుటి బస్సు నమ్ముకోకండి, ముందు రోజు రాత్రే కాకినాడ చేరండి. లోపల చిట్టీనీ బుక్‌లెట్‌నూ చూపించమని మర్యాదగా అడగొచ్చు. అది మీ చిట్టీయేనా, పొరపాటున ఇంకొకరిది జతపడిందా అన్నది మీరే సరిచూసుకోవాలి. మళ్లీ స్టేట్‌మెంట్ రాయమంటే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. రాసింది పూర్తిగా చదివి, చివరి వరుస కింద గీత గీసి అప్పుడు సంతకం పెట్టండి. కమిటీ వాళ్లకు విడిగా ఫోన్లు, ఇళ్లకు వెళ్లడాలు వద్దు. పేపరు దిద్దేవారిని పాస్ మార్కులు వెయ్యమని అడిగినా అదే పట్టికలో మాల్‌ప్రాక్టీసే, జవాబు పత్రంలో 'దయచేసి పాస్ చెయ్యండి సార్' అని రాసే అలవాటున్నవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఉత్తర్వు కాలేజీ ద్వారా వస్తుంది. ఏ నిబంధన కింద, ఏమేం రద్దయ్యాయో రాతపూర్వకంగా తీసుకోండి. శిక్ష ఎక్కువైందనిపిస్తే వైస్ ఛాన్సలర్‌కు విజ్ఞప్తి పెట్టుకోవచ్చు. హైకోర్టు రిట్ కూడా ఉంది కానీ, కోర్టు ముఖ్యంగా చూసేది పద్ధతి ప్రకారం విన్నారా లేదా అన్నదే. విచారణ జరిగి, మీరు ఒప్పుకున్న కేసులో దానికి ఖర్చు పెట్టడం నాకు దండగనిపిస్తుంది.

సెమిస్టర్ పోయిందనే అనుకుని లెక్క వేద్దాం. 3-2 (మూడో ఏడాది రెండో సెమిస్టర్) సబ్జెక్టులూ ల్యాబులూ కలిపి 20కి పైగా క్రెడిట్లు బ్యాక్‌లాగ్ అవుతాయి. ముందు మీ రెగ్యులేషన్ పుస్తకంలో నాలుగో ఏడాదికి ప్రమోషన్‌కు ఎన్ని క్రెడిట్లు కావాలో చూసి, ఇప్పటిదాకా వచ్చినవి కూడండి. పైకి వెళ్లగలిగితే సగం గండం గడిచినట్టే. లేదంటే ఏడాది ఆగాలి, ఆ ఏడాదికి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకోకూడదు. ఈ ఒక్క లెక్క ఈ రాత్రికే చెయ్యండి. 4-1లో, అంటే నాలుగో ఏడాది మొదటి సెమిస్టర్‌లో, క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే కూర్చోనివ్వవు, కాబట్టి మొదటి విడత ప్లేస్‌మెంట్లు పోయినట్టే అనుకోండి. అది నిజమైన నష్టం. గేట్ మాత్రం మూడో ఏడాది నుంచే రాయొచ్చు, బ్యాక్‌లాగ్‌లు అడ్డం కావు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మెకానికల్ గేట్ సిలబస్‌లో హీట్ ట్రాన్స్‌ఫర్ ఉంది, ఎలాగూ మళ్లీ చదవాల్సిందే కదా.

సప్లిమెంటరీ నోటిఫికేషన్ వచ్చిన రోజే ఫీజు కట్టండి. ల్యాబులు ఎప్పుడు పెడతారో డిపార్ట్‌మెంట్‌లో ముందే అడగండి, థియరీ ధ్యాసలో పడి చాలామంది వాటిని మర్చిపోతారు. ఈలోగా 4-1 హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు. అది తగ్గితే ఇంకో కథ మొదలవుతుంది. డేటా బుక్ సొంతంగా కొనుక్కోండి. హాల్లోకి అనుమతించేది శుభ్రమైన పుస్తకాన్నే, పెన్సిల్‌తో రాసిన ఒక్క సూత్రం కూడా మెటీరియలే అవుతుంది. సెకండ్ హ్యాండ్‌దైతే పేజీ పేజీ తిప్పి రబ్బరుతో చెరపండి.

ఇంకో లెక్క కూడా చెప్పాలి, దెప్పడానికి కాదు. ఎండ్ పరీక్ష 70 మార్కులు, యూనిట్‌కు 14 చొప్పున. పాసవడానికి అందులో 25, ఇంటర్నల్స్‌తో కలిపి 40 కావాలి. మీకు ఇంటర్నల్స్‌లో 21 ఉన్నాయన్నారు. చదివిన మూడు యూనిట్లకు 42 మార్కులు. అందులో 25 తెచ్చుకుంటే మొత్తం 46, పాస్. ఆ ఆరేడు వరుసలు లేకపోయినా దాటేసేవారు. పరీక్షకు ముందు రాత్రి ఈ కూడిక ఎవరూ చెయ్యరు. సప్లిమెంటరీకి ముందు ప్రతి సబ్జెక్టుకూ చెయ్యండి. ఏ మూడు యూనిట్లు గట్టిగా పట్టుకోవాలో దాంతోనే తేలుతుంది.

ఇంట్లో చెప్పడం గురించి. విచారణకు ముందే చెప్పండి, తర్వాత కాదు. ఉత్తర్వు కాలేజీ నుంచి తల్లిదండ్రుల అడ్రసుకు కూడా వెళ్లొచ్చు. పోస్ట్‌మ్యాన్ అరుగు మీద కూర్చుని చదివి వినిపించే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ముందు అక్కకు చెప్పండి. ఎలాగూ ముందు రోజు రాత్రి వాళ్లింట్లోనే దిగాలి, బావగారు విచారణ దాకా తోడు రాగలరు. నాన్నగారికి మీ నోటితోనే చెప్పాలి. కళ్లం పనుల మధ్య వద్దు, రాత్రి అన్నాలయ్యాక. అప్పుడు మీ చేతిలో నోటీసు, క్రెడిట్ల లెక్క, సప్లిమెంటరీ ఫీజు ఎంతో రాసుకున్న కాగితం ఉండాలి. 'ఇప్పుడేం చేస్తావురా' అన్నది ఆయన మొదటి ప్రశ్న అవుతుంది, దానికి జవాబుతో వెళ్లండి. కోపం ఎలాగూ వస్తుంది. మాసూళ్లకు పిలవకుండా ఉండాల్సిందని ఆయన తనను తాను తిట్టుకోవడం మొదలుపెడితే అక్కడే ఆపండి. పది రోజులు పోయినా మూడు యూనిట్లు చదివారు, చిట్టీ తీయించింది మీరు.

చివరిగా సీనియర్. ఆయనకు చెప్పాలి, అదీ ఈ రోజే. ఆయన పేరున్న పుస్తకం ఫైల్లో ఉంది. ఎక్కడి నుంచో ఫోనొచ్చి ఆయన తెల్లబోయే పరిస్థితి రాకూడదు. 'అన్నా, మీ పుస్తకంలో నా చిట్టీ దొరికింది, మీకు సంబంధం లేదని రాసిస్తున్నాను' అంటే చాలు. వినతిపత్రం ఫోటో పంపండి. పుస్తకం తిరిగి వస్తుందని చూడకుండా ఆయనకు కొత్తది కొనివ్వండి.